దుప్పటికి అటు చివర

దుప్పటి మడవడం ఇద్దరు చేసే పని అని పెద్దకోడలికి పెళ్ళయి పాతికేళ్ళు దాటాక గానీ తెలియలేదు. అంతవరకూ ఒక అంచు గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బారచాపి, నేల తాకకుండా నానా తంటాలూ పడి ఒక్కతే మడిచేది. అటు చివర ఇంకెవరైనా పట్టుకోవచ్చన్న ఊహే రాలేదు. చిన్నకోడలు పరాయిదేశం నుంచి తిరిగొచ్చిన కొత్తలో, మేడ మీద ఆ తంటా చూసి, వచ్చి రెండు మూలలూ అందుకుంది. అందుకుని చిన్నగా రెండుసార్లు లాగింది.

"ఏమిటే అది, గాలిపటం ఎగరేస్తున్నావా?"

"నేను సిద్ధం, ఇక నడువు అని అక్కా. మా లాండ్రీలో మిషన్ల హోరుకి పక్కమనిషి అరిచినా వినపడదు. పైగా తలా ఒక దేశం, తలా ఒక భాష. అందుకని ఇదే మా మాట. అటు మనిషి కూడా రెండుసార్లు లాగితేనే అడుగెయ్యాలి."

తిరిగొచ్చింది అన్నది పెద్దకోడలి మాట. ఇంట్లో మిగతావాళ్ళ మాట 'పంపించేశారు'. నిజం చెప్పాలంటే వాళ్ళ మాటే నిజం. ఒక ముసలావిడను చూసుకునే పనికని వెళ్ళింది చిన్నకోడలు. ఆ ఇంటివాళ్ళు పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. జీతం అడిగితే, తిండి పెడుతున్నాం కదా అన్నారు. ఒక ఉదయం చెత్త సంచీ పారేసి వస్తానని గేటు దాటింది, పారేసింది, రాలేదు. హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో చేరింది. కాగితాల్లేని మనిషి ఎన్నాళ్ళని తలదాచుకుంటుంది? బస్సు కోసం నిలబడి ఉండగా పట్టుకుని, వెనక్కి విమానం ఎక్కించారు. కట్టుబట్టలతో వచ్చింది అంటారు చూడండి, ఆ కట్టుకున్న బట్టలు కూడా ఆమెవి కావు. లాండ్రీవాళ్ళ నీలం యూనిఫాం. వచ్చిన మర్నాడే దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి, మడిచి పెట్టుకుంది. "వాళ్ళది కదా, తిరిగి ఇచ్చెయ్యాలి" అంటే ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పెద్దకోడలు కూడా నవ్వింది. ఆ మాట వేళాకోళం కాదని ఆమెకు అర్థమయ్యేసరికి చాలాకాలం పట్టింది.

ఆ తర్వాత ఎన్ని మాటలని! కూరలో ఉప్పు తగ్గితే, "దేశమే వద్దని పంపేసిన మనిషిని, నేను గనక ఇంట్లో పెట్టుకున్నాను" అనేవాడు మరిది. "మనింటి పరువు గాల్లో ఎగిరెళ్ళి గాల్లోనే తిరిగొచ్చింది" అనేవాడు పెద్దకోడలి మొగుడు, తన చమత్కారానికి తనే మురిసిపోతూ. చిన్నకోడలు తల వంచేది కాదు, గొంతు పెంచేదీ కాదు. తర్వాత వంటింట్లో మాత్రం కూర కలుపుతూ, "గెంటేశారు గనకే అక్కా, తలుపు ఎటుందో బాగా తెలిసింది" అనేది. అత్తగారు కాలుజారి పడి మంచం పట్టాక, ఆవిడను అటొక పక్కకు ఇటొక పక్కకు ఒత్తిగిలించి, లేపకుండానే కింద దుప్పటి మార్చే పద్ధతి నేర్పింది కూడా చిన్నదే. ఆ చేతుల నేర్పు చూస్తూ పెద్దకోడలు ఎన్నోసార్లు పని మరిచిపోయి నిలబడిపోయేది. ఈ మనిషిని ఇంట్లో అందరూ ఓడిపోయి వచ్చిందంటారేమిటి? మరి ఈ ఇల్లు దాటి వీధి మలుపు దాకా వెళ్ళని నేను గెలిచినట్టా?

"అక్కడ గంట కొడితే పని ఆగేది అక్కా" అంది ఒకసారి చిన్నకోడలు. "చేతులు మనవి మనకు తిరిగి ఇచ్చేసేవాళ్ళు. ఇక్కడ ఎవరు కొడతారు గంట?"

చివరికి, కొన్నేళ్ళ దాకా మళ్ళీ రాకూడదని ఆ దేశం పెట్టిన గడువు తీరింది. లాండ్రీ యజమానురాలు ఆమెను మరవలేదు. ఈసారి కాగితాలన్నీ సక్రమంగా రాయించి పిలిపించింది. వీసా వచ్చిందని తెలిసిన సాయంత్రం అన్నదమ్ములిద్దరూ హాల్లో కూర్చున్నారు. కోడళ్ళిద్దరూ అక్కడే దుప్పట్లు మడుస్తున్నారు.

"నేనేం అడ్డు చెప్పను" అన్నాడు మరిది. "కానీ అమ్మ సంగతేమిటి? వదిన ఒక్కతే ఎత్తలేదు, దించలేదు. పాపం, ఆవిడ నడుము ఏం కావాలి? వదిన సరేనంటే వెళ్ళమను."

పెద్దకోడలికి నవ్వు రాబోయి ఆగింది. ఇన్నేళ్ళలో తన నడుము గురించి ఈ ఇంట్లో ఒకరు మాట్లాడటం ఇదే మొదలు. వద్దనే మాట తాము అనకుండా తన నోట అనిపిస్తున్నారని తెలుస్తూనే ఉంది. కానీ అంతకన్నా భయపెట్టింది తన మనసే. నాకు చేతకాదు అంటే అబద్ధమేమీ కాదు. నిజంగానే చేతకాదు. ఇది వెళ్ళిపోతే ఈ ఇంట్లో తనతో మనిషిలా మాట్లాడేవాళ్ళు ఎవరు? ఉండిపోవే, అంటే చాలు. అక్క మాట కాదనదు, కోపం కూడా తెచ్చుకోదు. రేపు పొద్దున్న వచ్చి మళ్ళీ మూలలు అందుకుంటుంది. అదే భరించలేననిపించింది పెద్దకోడలికి.

చిన్నకోడలు ఆమెవైపు చూడటం లేదు. బతిమాలకూడదనేమో, నేలకేసి చూస్తోంది. ఇద్దరి మధ్యా దుప్పటి వదులుగా వేలాడుతోంది.

పెద్దకోడలు తన చివర రెండుసార్లు లాగింది.

చిన్నది తలెత్తింది. తనూ రెండుసార్లు లాగింది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచారు, మూలలు కలిశాయి.

"వెళ్తుంది" అంది పెద్దకోడలు.

"నువ్వొక్కదానివే ఎలా చేస్తావే?" అన్నాడు మొగుడు.

"ఒక్కదాన్ని ఎందుకూ? అత్తయ్యకు ఇద్దరు కొడుకులున్నారుగా."

"మాకేం వచ్చు వదినా ఆ పనులు?"

"అక్కడికి వెళ్ళేదాకా దానికీ రావు. అది వచ్చి నేర్పేదాకా నాకూ రావు."

లోపల మంచం మీంచి అత్తగారి గొంతు వినిపించింది. "ముందు ఇద్దర్నీ గోళ్ళు కత్తిరించుకు రమ్మను!"

నీలం యూనిఫాం సూట్‌కేసులో అన్నిటికన్నా పైన పెట్టుకుని చిన్నకోడలు వెళ్ళింది. పాస్‌పోర్టు మాత్రం పెట్టెలో పెట్టలేదు, మెడలో సంచీలో వేసుకుంది. గుమ్మం దగ్గర "వస్తానక్కా" అంది గానీ ఏడవలేదు. పెద్దకోడలూ ఏడవలేదు. ఆ నడక చూస్తూ నిలబడింది. ఒకసారి మూసుకుపోయిన తలుపు దగ్గరికే మళ్ళీ వెళ్ళి, ఈసారి తన పేరు చెప్పి లోపలికి అడుగుపెట్టబోయే మనిషి నడక అది.

మర్నాడు మేడ మీద దుప్పట్లు ఆరాయి. పెద్దకోడలు మొగుణ్ణి పైకి పిలిచి, రెండు మూలలు చేతికిచ్చింది. ఆయన ఎవరిదో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఆమె అటు వెళ్ళి రెండుసార్లు లాగింది. తిరిగి ఇచ్చెయ్యమంటోంది కాబోలనుకుని ఆయన వదిలేశాడు.

ఉతికిన దుప్పటి సగం దుమ్ములో పడింది. ఆయన ఆమెకేసి చూశాడు, వంగి తీస్తుందని.

ఆమె తన రెండు మూలలూ పట్టుకుని, ఆయన వంగేదాకా అలాగే నిలబడింది.