మూసిన దుకాణాల ఫొటో

ఎక్కడో దూరాన నగరంలో బాంబులు పేలి జనం చచ్చిన రోజున మా వడ్డేపల్లి బజారులో సాయిబుల దుకాణాలన్నీ మూసి ఉన్నాయట. అంటే మాకు ముందే తెలుసట! మూసి ఉన్న నా గాజుల దుకాణం ఫొటోతో సహా ఆ మాట ఊరి ఫోన్లన్నిటిలో తిరుగుతోంది. మా వీధి గ్రూపులో పెట్టింది ఎవరయ్యా అంటే, పక్కింటి మద్దిలేటి.

ఒళ్లు మండిపోయి నేరుగా వాళ్లింటికి పోయాను.

"ఎవరో నాకు పంపిండ్రు షాజియక్కా, నేను గ్రూపుల పెట్టిన. అందరు గట్లనే అంటుండ్రు గద," అన్నాడు, గుండు తడుముకుంటూ.

వాడి ఫోన్ లాక్కుని ఫొటో పెద్దది చేశాను.

"షట్టర్ ముందర రోడ్డు మీద ఏమున్నయో చూడు."

"బంతిపూలు... పేలాలు."

"ఎవరి మీద చల్లినయిరా గవి? గా దినమే నువ్వు నిప్పుకుండ పట్టుకొని ముందల నడిచినవ్. ఎనకకు తిరిగి చూడొద్దంటరు, నువ్వు చూడలే. నీ ఎనక బజారంత షట్టర్లు దించింది. శెట్టి దుకాణం గూడ బందే, గది ఫొటోల కోసేసిండ్రు. మా ఇంటాయన పాడె మోసిండు. మాకు ముందే ఏం తెలుసురా? మీ నాయిన పోయిండని తెలుసు, గంతే!"