అవతలి కొస మీటలు

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాయో లేదో, ఈ పెద్దమనిషి బల్ల కింద దూరాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, నడుము పట్టేసే వయసు, వీపు కింద పాత గోనెపట్టా, నోట్లో స్క్రూడ్రైవరు. సోమవారం నుంచి శనివారం దాకా ఊళ్ళో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆదివారం మాత్రం అక్క ఇంటి వెనకగదిలో రైళ్ళు నడుపుతాడు. నడిపేవాడు అనాలి. ఎనిమిది నెలలుగా అక్కడ ఒక్క బండీ సవ్యంగా నడవలేదు.

గదినిండా బల్లే, బల్లనిండా బొమ్మరైలు పట్టాలే. మధ్యలో పాత కాగితాలు నానబెట్టి కట్టిన కొండ. కొండకి ఇవతలి స్టేషను ఈయనది, అవతలిది బావది. బావంటే అక్క మొగుడు, ముప్పై ఏళ్ళు బస్సు తోలినవాడు. ఇవతలి పాయింట్లకి మీటలు ఇవతల, అవతలి పాయింట్లకి అవతల. పాయింట్లంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, బండి తిన్నగా పోవాలా పక్కలైనులోకి మళ్ళాలా తేల్చే కదిలే పట్టాలు. ఒక్కోదాని కింద ఒక చిన్న కాయిల్. మీట లాగితే దానికి కరెంటు అందుతుంది, టక్కుమని పట్టా పక్కకి జరుగుతుంది.

కొండ అడ్డం కదా, ఒకరికొకరు కనపడరు. అందుకని గంటలు పెట్టుకున్నారు. ఒకటి కొడితే ‘పంపనా?’ రెండు కొడితే ‘పంపు.’ మూడు కొడితే ‘చేరింది.’ నాలుగడుగుల దూరంలో ఉన్న మనుషులు నోటితో చెప్పుకోవచ్చు కదా, ఈ గంటల గోలేమిటని మీరు అడగచ్చు. అక్క అడగనే అడిగింది. “రైల్వేలో కేకలేసుకుంటారా ఎక్కడైనా?” అని బావ ఆవిడ నోరు మూయించాడు. పధ్నాలుగేళ్ళు ఆదివారం ఆదివారం ఆ గంటలు మోగాయి.

“అన్ని మీటలూ ఒకే బోర్డు మీదకి తెచ్చేద్దాం బావా, సుళువుగా ఉంటుంది” అని ఈయన ఒకసారి నోరుజారాడు.

“ఆహా! అప్పుడు నువ్వొక్కడివే ఆడుకో బావమరిదీ. నేను పోయి మీ అక్క చేత చివాట్లు తింటూ కూర్చుంటా.”

ఆ బావ ఒకరోజు గుండె పట్టుకుని కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. అప్పట్నుంచి ఈయన వస్తాడు, పట్టాలు తుడుస్తాడు, వెళ్ళిపోతాడు. ఒక ఆదివారం ఇవతల బండి వదిలి, మీట లాగడానికి కొండ చుట్టూ పరిగెత్తాడు కూడా. మోకాలు బల్లకోడుకి కొట్టుకుంది. ఈయన కుంటుకుంటూ చేరేలోపు బండి పట్టాలు తప్పి వెల్లకిలా పడింది. చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి సరిపోయింది.

పోయిన ఆదివారం అక్క గుమ్మంలో నిలబడి చెప్పేసింది. “ఒరేయ్, నువ్వలా ఉసూరుమంటూ గుడ్డ పట్టుకుని తుడుస్తుంటే నేను చూడలేను. పిల్లల లైబ్రరీ వాళ్ళు అడుగుతున్నారు. రేపు కాక వచ్చే సోమవారం వచ్చి పట్టుకెళతారట. ఇచ్చేద్దాం.”

“బండి నడిస్తే?” అన్నాడు.

“నడిస్తే ఉంచుదాం. నడవని బండి ఇంట్లో దేనికీ?”

ఆవిడకేం, అనేసి వెళ్ళిపోయింది. ఈయనకి వారమంతా కంటిమీద కునుకు లేదు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ఒంటిగది అద్దె ఇల్లు. వారమంతా ఆయన్ని పిలిచేవాళ్ళు లేరు, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు తప్ప. ఈ గది కూడా పోతే ఆదివారం మధ్యాహ్నం ఎక్కడికి పోవాలో ఆయనకి నిజంగా తెలీదు. అక్కని చూడ్డానికి రావచ్చు కదా అంటారేమో. వచ్చి ఏం మాట్లాడతాడు? ఆ ఇంట్లో మాటలన్నీ బావవే.

అందుకే ఈ బల్ల కింద అవస్థ. అవతలి రెండు పాయింట్లకీ చెరి మూడు వైర్లు, మొత్తం ఆరు. వాటిని బావ మీటల నుంచి విప్పి, కొండ కిందుగా లాక్కొచ్చి, తన వైపు కొత్త బటన్లకి బిగించాలి. మొదటి వైరు పట్టుకునేసరికి దానికో కాగితం ముక్క కట్టి ఉంది. బావ చేతిరాత. ‘ఇది నాది. ముట్టుకుంటే ఊరుకోను.’

“ఊరుకోక ఏం చేస్తావు బావా” అని పైకే అన్నాడు. వైరు విప్పాడు.

గంటన్నరకి పని తెమిలింది. బటను ఒక్క చిటికెలో నొక్కి వదలాలి, పట్టుకుని కూర్చుంటే కాయిల్ మాడిపోతుంది. నొక్కాడు. అవతల టక్కుమంది. బండి వదిలాడు. కొండ చుట్టి, పక్కలైనులోకి మళ్ళి, మళ్ళీ ఇవతలికి వచ్చింది. ఒక చుట్టు, రెండు, మూడు. ఎక్కడా ఆగలేదు, ఎవర్నీ అడగలేదు. బటను నొక్కితే పోతుంది, నొక్కితే వస్తుంది. అచ్చం లిఫ్టులా ఉంది.

గెలిచాడు కదా, ఎగిరి గంతెయ్యాలి. ఏడుపొచ్చింది. మూలనున్న గంట వైపు చూడకుండా చొక్కాతో మొహం తుడుచుకున్నాడు.

“బండి చప్పుడు వినపడింది.” గుమ్మంలో అక్క. “గంట వినపడలేదేం?”

“అవసరం లేదక్కా ఇప్పుడు.”

ఆవిడ లోపలికి వచ్చింది. పక్కకి ఒదిగి, పమిట దగ్గరగా పట్టుకుని కొండ దాటి అవతలికి వెళ్ళింది. బావ కుర్చీ కిర్రుమంది. ఈయన కంగారుగా బండి ఆపాడు.

“అడగవేం?” అంది అవతల్నుంచి.

ఏం అడగాలో అర్థం కాక, అలవాటు కొద్దీ గంట ఒకటి కొట్టాడు.

టింగ్, టింగ్. రెండు.

నోరు వెళ్ళబెట్టాడు. “నీకెలా తెలుసే అక్కా?”

“పధ్నాలుగేళ్ళు వంటింట్లో వినలేదట్రా? మూడు మోగితే మీ బావ చేతులు ఖాళీ అయ్యాయని టీ పెట్టేదాన్ని. సరే, బండి పంపు. ఏ మీట లాగాలి?”

“ఎడమ చేతి వైపుది” అన్నాడు, బండి వదిలాడు. వదిలాక గుర్తొచ్చింది. ఆ మీటకి ఇప్పుడు వైర్లే లేవు. బండి కొండ దాటుతోంది. ఇక ఏం చెయ్యాలో తోచక, తన వైపు బటను చిటుక్కున నొక్కాడు.

అవతల టక్కుమంది. బండి పక్కలైనులోకి మళ్ళి ఆగింది.

“నేనింకా లాగలేదురా” అంది అక్క.

నాలుక కరుచుకున్నాడు. దొరికిపోయాడు మరి. “వైర్లు పీకేశానక్కా. అన్నీ ఇటు తెచ్చేశాను.”

“అంటే ఆయన మీటలు ఇక పనిచెయ్యవా?”

“ఒక్కడినే నడపాలంటే ఇంకో దారి లేదు. నువ్వేగా, నడిస్తే ఉంచుదామన్నావు!”

“నడిస్తే అన్నాను. ఒక్కడివే నడపమన్నానా? నన్ను పిలవొద్దన్నానా?” “పధ్నాలుగేళ్ళలో ఒక్కసారైనా ‘రావే, నువ్వూ ఒక గంట కొట్టు’ అన్నారట్రా ఇద్దరూ? ఆయనంటే పోయాడు. నువ్వు ఎనిమిది నెలలుగా ఈ గదిలో కూర్చుని తుడుచుకుంటున్నావు. నేనేమో వంటింట్లో కూర్చుని, ఇప్పుడు మోగుతుందా, ఇప్పుడు మోగుతుందా అని చెవులు రిక్కించుకుని ఉన్నాను.”

ఈయన గోనెపట్టా తీసుకుని మళ్ళీ బల్ల కింద దూరాడు.

“ఏం చేస్తున్నావురా?”

“పీకినవి మళ్ళీ కలుపుతున్నా. రేపు వచ్చేవాళ్ళని రావద్దని చెప్పు.”

“చెబుతాలే. ముందు పని కానీ.”

ఆరు వైర్లూ వెనక్కి లాగాడు. ఒక్కొక్కటే బావ మీటలకి బిగించాడు. ఆఖరున కాగితం ముక్క ఉన్నది పట్టుకున్నాడు, దాన్ని విప్పకుండా అలాగే ఉంచి స్క్రూ తిప్పసాగాడు. ఇంకో రెండు తిప్పులున్నాయనగా తల మీద గంట మోగింది. ఒకటి. పంపనా?

ఆవిడకి ఓపిక ఎప్పుడుంది గనక! గబగబా స్క్రూ బిగించాడు. బల్ల కింద గంట లేదు కాబట్టి, స్క్రూడ్రైవరు పిడితో బల్ల అడుగున రెండుసార్లు కొట్టాడు.

పైన టక్కుమంది. ఈసారి మీట లాగింది అక్కే.