ఆఫీసరమ్మ కోటు కొలతలు

"మీరు పెంచుతున్నవాళ్లు మాత్రమే. ఈ కేసులో మీ మాటకు చోటు లేదు" అన్నాడు అవతలి లాయరు. నాకు ఒళ్లు మండిపోయింది. పదమూడు నెలలుగా మా చిట్టికి జ్వరమొస్తే పక్కన కూర్చున్నది నేను, రోజూ పళ్లు తోమించింది మా ఆయన. ఇప్పుడు దాని బాబాయి ఎక్కణ్నుంచో ఊడిపడి, రక్తసంబంధం కాబట్టి పిల్లను తనకిచ్చేయమంటే, మేం వెనక బెంచీ మీద బొమ్మల్లా కూర్చోవాలట!

మా లాయరమ్మ నా చెయ్యి నొక్కింది. "ఏడాది దాటి పెంచినవాళ్లు తమ మాటా వినమని అడగొచ్చక్కా. చట్టంలో ఉంది. కానీ ఫైల్లో పదకొండు నెలలే ఉన్నాయే!"

ఉండవా మరి! పిల్లల సంక్షేమ ఆఫీసరమ్మ చిట్టిని హడావిడిగా మా కుట్టుకొట్టుకు తెచ్చి అప్పగించింది. కాగితం రెండు నెలల తర్వాత పంపింది. "తెచ్చిన తేదీ నాకు గుర్తులేదు" అని ఇందాకే జడ్జిగారికి చెప్పి చేతులు దులుపుకుంది.

అప్పుడు తట్టింది నాకు. ఆ రోజు చిట్టి గౌను చీలమండల దాకా వేలాడుతుంటే, గుక్కెడు పాలైనా ఇవ్వకుండా ముందు టేపు తీశాను. నా బుద్ధే అంత.

"ఏవయ్యా, పాత కొలతల పుస్తకం! పరిగెత్తు!"

మా ఆయన బస్సు డ్రైవరు. జన్మలో ఎవరినీ దాటి వెళ్లి ఎరగడు. ఇవాళ మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని మరీ పరిగెత్తాడు. భోజన విరామం అయ్యేసరికి రొప్పుతూ వచ్చి పడ్డాడు.

అవతలి లాయరు పేజీ చూసి నవ్వాడు. "ఇలాంటివి ఎప్పుడైనా రాసుకోవచ్చండీ."

"కింద ఎవరి కొలతలున్నాయో అదీ చదవండి బాబూ!" అన్నాను.

చిట్టి కొలతలకు సరిగ్గా కింద "ఆఫీసరమ్మ, కోటు" అని ఉంది. పిల్లను అప్పగించి వెళ్తూ వెళ్తూ తన కోటుకూ కొలతలిచ్చింది మహాతల్లి! తర్వాత బిగుతైందని పేచీ పెట్టకుండా, పెద్దవాళ్ల కొలతలకు సంతకం పెట్టించుకోవడం మా కొట్లో రివాజు. ఆవిడ ఆఫీసు అలవాటు కొద్దీ తేదీ కూడా వేసింది.

ఆఫీసరమ్మ కళ్లజోడు సవరించుకుంది. "సంతకం నాదేనండీ. తేదీ కూడా నేనే వేశాను. నడుము మాత్రం అంత లేదు."

కోర్టంతా గొల్లున నవ్వింది. జడ్జిగారికీ నవ్వు ఆగలేదు.

"ఏడాది దాటినట్టే. వీళ్లను కేసులో చేరుస్తున్నాను. వీళ్ల మాట వినకుండా పాపను ఎవరికీ అప్పగించేది లేదు" అన్నారు. నాకు అక్కడే ఎగిరి గంతెయ్యాలనిపించింది. "చెప్పండమ్మా, ఇప్పుడు మీ వంతు" అన్నారు జడ్జిగారు నాతో.

వారం రోజులు బట్టీపట్టిందంతా ఎగిరిపోయింది. ఎదురుగా బాబాయి. కుర్రాడే, చేతులు నలుపుకుంటున్నాడు. కడిగేద్దామనుకున్న మనిషిని చూసి నా నోటి వెంట ఇంకేదో వచ్చింది.

"అబ్బాయ్, దానికి ఎడమ చెవి నొప్పి. చలిగాలి పడదు. టోపీ లేకుండా బయటికి పంపకూడదు. తెలుసా నీకు?"

అతను తల అడ్డంగా ఊపాడు. రాసుకోవడానికి జేబులోంచి కాగితం, పెన్ను తీశాడు.

"ఇంకా చెప్పండక్కా."

చెప్పాను. ఒక్కటీ దాచుకోలేదు.