మెరక ఎక్కని కారు

ఇంజను నడుస్తుండగానే పీరా బానెట్ ఎత్తి, గేరుపెట్టెలో నూనె చూసే చువ్వ లాగాడు. గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి, మళ్ళీ లాగాడు. నెల రోజులుగా పొద్దున్నే ఇదే పని. ఎర్రటి నూనె చువ్వ మీది గీతకి సరిగ్గా అంటుకుని ఉంది. ఉంటుందని అతనికి తెలుసు. చూడాల్సింది డ్రైవరైన అతను కాదు, యజమాని దశరథరామయ్యగారు. ఆయన వరండా మెట్లు దిగివచ్చి, చువ్వ అందుకుని, ఎండకేసి ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"నిన్నటికంటే తగ్గలా?"

"తగ్గలేదండి. గీతకే ఉంది."

"ఇది మద్రాసు నుంచి తెప్పించిన నూనేనా? లేక రంగు కలిపిన నూనెనా?"

పీరా చువ్వ తీసుకుని దాని చోట దాన్ని పెట్టేశాడు. ఇలాంటి ప్రశ్నకు జవాబు చెప్పినా తప్పే, చెప్పకపోయినా తప్పే.

ఆ కారు అమెరికాది. 1961 మొదట్లో మద్రాసులో ఒక డాక్టరు దగ్గర కొన్నారు. నీలం రంగు, పడవంత పొడుగు. జగ్గయ్యపేటలో అలాంటిది ఇంకోటి లేదు. దానికి క్లచ్చి ఉండదు, గేర్లు తనే వేసుకుంటుంది. మొదట్లో పీరా ఎడమకాలికి ఏం పని చెప్పాలో తెలియక దాన్ని సీటు కిందికి ముడుచుకుని కూర్చునేవాడు. మెరక వచ్చినప్పుడు కుడికాలు అడుగంటా తొక్కితే చాలు, కారు తనంతట తను కింది గేరులోకి దిగి, ఒక్క ఊపున పైకి లాగేది. ఆ ఊపు వచ్చినప్పుడల్లా యాభై ఎనిమిదేళ్ళ పీరా మీసాల కింద నవ్వుకునేవాడు.

దసరా వెళ్ళిన దగ్గర్నుంచీ ఆ ఊపు పోయింది. ఎంత తొక్కినా పై గేరులోనే మూలుగుతూ పోతుంది. వేగమంతా చచ్చాక, ఎప్పుడో గుర్తొచ్చినట్టు ఒక్క కుదుపుతో గేరు దిగుతుంది. చిల్లకల్లు దాటాక వచ్చే మెరక మీద ఎడ్లబళ్ళవాళ్ళు పక్కకి తప్పుకుని మరీ నవ్వుతున్నారు.

దశరథరామయ్యగారు దీనికి కారణం కనిపెట్టేశారు. పీరా మంచి నూనె వంపుకుని అమ్ముకున్నాడు, బదులు ఏదో పోశాడు. ఆ మాట ఇంట్లో అని ఊరుకుంటే బాగుండేది. రైసుమిల్లులో అన్నారు, మంగలి దగ్గర గడ్డం గీయించుకుంటూ అన్నారు. ఆయన మేనల్లుడు భవానీప్రసాద్ బెజవాడలో ఒక కుర్ర డ్రైవర్ని కూడా చూసిపెట్టాడు. శనివారం లోగా జబ్బు తేలకపోతే సోమవారం నుంచి ఆ కుర్రాడు వస్తాడు. ఈ రోజే శనివారం.

ఉద్యోగం పోవటం పీరాకి పెద్ద బాధ కాదు. కొడుకు కోదాడలో లారీ తోలుతున్నాడు, రమ్మనే అంటున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఒక్క గుమ్మంలో, మొదట వాళ్ళ బస్సూ తర్వాత కార్లూ తోలుతూ పనిచేసి, దొంగ అనిపించుకుని బయటికి పోవటం అతని వల్ల కాదు. అంతే.

"నందిగామ రిపేరు షెడ్డుకి తీసుకెళ్ళి స్తెఫనుకి చూపించు," అన్నారు దశరథరామయ్యగారు. "దోవలో ఎక్కడా ఆపమాక." కిటికీలోంచి తల పెట్టి మీటరు అంకె చూసుకుని, లోపలికి వెళ్ళి తలుపుచెక్క మీద సుద్దతో రాసుకున్నారు.

అనుమానం పక్కవాడికి అంటుకుంటుంది కాబోలు. చిల్లకల్లు మెరక మీద కారు మూలుగుతుంటే పీరాకి అందరి మీదా అనుమానమే వచ్చింది. మద్రాసు డాక్టరు చచ్చిన కారుకి రంగేసి అమ్మాడా? భవానీప్రసాద్ దసరాకి వచ్చినప్పుడు ఏ మరో వదులు చేసి పోయాడా? స్తెఫనుకీ వాడికీ ఏమైనా స్నేహం ఉందా? నందిగామ షెడ్డులో కారు ఆపాక కూడా అతను దూరంగా బల్ల మీద కూర్చోలేదు. స్తెఫను విప్పిన ప్రతి మరనీ చూపుతోనే లెక్కపెడుతూ నెత్తి మీద నిలబడ్డాడు.

"నా చేతుల్ని కాదు బాబాయ్, కారుని చూడు," అన్నాడు స్తెఫను. ముప్పై ఏళ్ళు దాటినవాడు, చెవి వెనకాల ఎప్పుడూ బీడీ. ఎవరి మీదా గొంతెత్తని మనిషి.

అతను చువ్వ లాగి నూనెని తెల్లగుడ్డ మీద చుక్క వేశాడు. ఎర్రగానే పాకింది. మాడిన వాసన లేదు. కింద దూరి చూశాడు, ఎక్కడా చెమ్మ లేదు. బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"పెట్టె శుభ్రంగా ఉంది. నూనె అసలుదే. ఇది ఒంట్లో జబ్బు కాదు బాబాయ్, నువ్వు తొక్కేది దానికి అందట్లా."

యాక్సిలరేటరు నుంచి గేరుపెట్టెకి సన్నటి కడ్డీ ఒకటి ఉంటుంది. కాలు చివరిదాకా దిగితేనే ఆ కడ్డీ చివరిదాకా కదిలి, కింది గేరు కావాలని పెట్టెకి చెబుతుంది. స్తెఫను ఇంజను ఆపించి, పీరాని సీట్లో కూర్చోబెట్టి, తను కిందికి దూరాడు.

"తొక్కు."

"తొక్కా."

"ఇంకా."

"అడుగంటిందయ్యా, ఇంకెక్కడికి?"

"ఇక్కడ ఇంకా వేలెడు ఖాళీ ఉంది."

పీరా వంగి కాలికింది మ్యాటు ఎత్తాడు. యాక్సిలరేటరు కింద టేకుచెక్క ఉంది. చిత్రిక పట్టి, కారు రంగే వేసి, రెండు మరలతో బిగించి ఉంది. దారిన దొరికిన చెక్క కాదు. ఎవరో కొలత తీసుకుని చేయించారు. దసరాకి బళ్ళ కార్ఖానా వడ్రంగి అయ్యగారింటికి వచ్చి రెండు రోజులు పనిచేసి వెళ్ళటం పీరాకి గుర్తొచ్చింది. ఆ రెండు రోజులూ తనకి సెలవిచ్చి మరీ ఇంటికి పంపారు.

ఈ పక్క బస్సుల ఓనర్లు చాలామంది చేసే పనే అది. డ్రైవరు స్పీడుగా తోలకుండా, పెట్రోలు తాగించకుండా కింద చెక్క కొట్టిస్తారు. మామూలు బండికైతే నెమ్మదిగా పోవటం తప్ప వేరే నష్టం ఉండదు. ఈ కారుకి మాత్రం ఆ చివరి వేలెడే ప్రాణం. పెద్దాయనకి అది తెలియదు. డ్రైవరు మీద అనుమానంతో చెక్క కొట్టించారు, చెక్క వల్ల కారు మొరాయించింది, కారు మొరాయించిందని మళ్ళీ డ్రైవర్నే అనుమానించారు.

పీరాకి ముందు నవ్వే వచ్చింది. తేలిపోయింది. తను దొంగ కాదు. అప్పుడు చూశాడు, స్తెఫను మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు ముందే తెలుసా?"

"దీని సంగతి తెలవదు బాబాయ్, ఒట్టు." స్తెఫను చెవి మీది బీడీ తీసి, వెలిగించకుండా వేళ్ళ మధ్య తిప్పాడు. "నీ బస్సుకీ ఉండేది. నలభై తొమ్మిదిలో. కాళ్ళ దగ్గరి పలక కింద, నీకు కనపడకుండా. అప్పుడు నేను పన్లో కొత్త. మేస్త్రీ బిగించమంటే బిగించా. నీకు చెప్పొద్దని మీ అయ్యగారు అన్నారు."

"ఎప్పుడు తీశావు?"

"తియ్యలా. బస్సు అమ్మిందాకా అట్టాగే ఉంది."

పీరా సీట్లోనే కూర్చుండిపోయాడు. బస్సు 1955లో అమ్మారు. యుద్ధం రోజుల్లో బొగ్గు గ్యాసుతో కూడా తోలాడు దాన్ని. ఆ తర్వాతి రోజుల్లో ఎంత తొక్కినా అది పోయేది కాదు. ముసలిదైపోయింది పాపం అనుకునేవాడు. ఎక్కినవాళ్ళు తిడితే దాని తరఫున తను పడేవాడు.

1951 వేసవిలో చందర్లపాడులో అమ్మ పోయిందని పేటలో కబురందింది. సాయంత్రం నమాజుకి ముందే మట్టి చేస్తామన్నారు. జనంతో నిండిన బస్సు నందిగామదాకా తనే తోలాలి, అక్కడినుంచి సైకిలు. దారి పొడుగునా కాలు ఇక దిగనంతదాకా తొక్కాడు. బస్సు పోలేదు. అతను శ్మశానం చేరేసరికి జనం చేతులు దులుపుకుని వెనక్కి వస్తున్నారు. మట్టి తడి ఇంకా ఆరలేదు. ఒక్క పావుగంట. బయల్దేరటం తనే ఆలస్యం చేశానని పదేళ్ళుగా తన్ను తనే తిట్టుకుంటున్నాడు.

కోపం వచ్చింది. అంత కోపం ఎప్పుడూ రాలేదు అతనికి. 

స్తెఫను మరలు ఊడదీసి చెక్కని చేతికిచ్చాడు. "తీసుకుపో. ఊరందరి ముందూ ఆయన చేతిలో పెట్టు."

పీరా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వడ్రంగి అంచులు కూడా నున్నగా తీశాడు.

"టీ పొయ్యిలో వెయ్యి," అన్నాడు.

మూడు గంటలకి జగ్గయ్యపేట చేరి, హారను కొట్టి, వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. "ఒక్కసారి కూర్చోండి అయ్యగారూ. చూపిస్తా."

దశరథరామయ్యగారు ముందు మీటరు చూసుకుని, తర్వాత కూర్చున్నారు. చిల్లకల్లు మెరక మొదట్లో పీరా కాలు అడుగంటా దించాడు. కారు గేరు దిగి, గర్జించి, ఒక్కసారిగా పైకి లేచింది. పెద్దాయన వీపు సీటుకి తగిలింది. అద్దంలో ఆయన చూపు పీరా కాళ్ళ వైపే ఉంది.

"నూనె మార్చాడా?"

"లేదండి. నూనె మంచిదే."

"మరేం చేశాడు?"

"మ్యాటు కింద కాస్త శుభ్రం చేశాడండి."

కళ్ళజోడు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడుచుకున్నారాయన. కారు వెనక్కి తిరిగాక, "ఆ బెజవాడ కుర్రాణ్ణి రావద్దని కబురు పెడతాలే," అన్నారు.

"రానియ్యండి."

"అదేంటి పీరా?"

"నలభై తొమ్మిదిలోనే మానాల్సిందండి. నాకు తెలవలేదు."

ఇల్లు చేరాక పీరా కారుని చావడిలో పెట్టి, చక్రాలు కడిగి, తాళంచెవి పెద్దాయన భార్య దుర్గాంబగారికి ఇచ్చాడు. ఆమెకి ఏమీ తెలియదు. వెళ్ళొస్తానమ్మా అంటే, రేపు కాస్త పెందరాళే రమ్మన్నారు. అతను తల ఊపి, ఎండ తగ్గని వీధిలోకి నడిచాడు. ఇంట్లో భార్య జమీలాబీకి ఏం చెప్పాలో వీధి చివరిదాకా ఆలోచించాడు. కోదాడ పోదాం అంటే చాలనుకున్నాడు.

అతను మలుపు తిరిగాక దశరథరామయ్యగారు చావడిలోకి వచ్చారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మ్యాటు ఎత్తి చూద్దామని కారు ముందు తలుపు తీశారు. డ్రైవరు సీటు మీద, ఆయన కుట్టించి ఇచ్చిన ఖాకీ కోటు గుండీలన్నీ పెట్టి, చేతులు మడిచి పరిచి ఉంది. దాని జేబులు రెండూ లోపలి గుడ్డ కనపడేలా బయటికి లాగి ఉన్నాయి.