చల్లారిన టీ

గ్లాసుల మీద మూతలు పెట్టి, పళ్లెంలో అమర్చి, అతిథి ముందు ఉంచడం నాకు కళ్లు మూసుకునైనా వచ్చు. జావాలో మా సోలో ఊళ్లో ఇంటివాళ్లు "తాగండి" అనేదాకా అతిథి గ్లాసు ముట్టుకోరు. గొంతెండిపోతున్నా ముట్టుకోరు. ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ నేనే అంటాను. మా ఆయన విచాక్‌కి దాన్ని గుర్తుపెట్టుకునే అవసరం ఎప్పుడూ రాలేదు.

ఇవాళ వచ్చినావిడ హెర్లీనా గారు. ఇళ్లలో ఆడవాళ్లు వండిన అన్నాన్ని ఆఫీసులకు చేర్చే మా కంపెనీలో పెట్టుబడి పెట్టాలా వద్దా అన్నది ఆవిడ చేతిలో ఉంది. పెట్టకపోతే వచ్చే నెల మూసెయ్యడమే. వండేవాళ్లంతా మళ్లీ ఖాళీగా కూర్చోవాల్సిందే.

జకార్తాలో ఏదో శిక్షణకి వెళ్లొచ్చాక విచాక్ కొత్త సంగతి చెప్పాడు. డబ్బు పెట్టేవాళ్లు లెక్కల కన్నా మనిషినే చూస్తారట. తెగువ ఉండాలట, సందేహం మొహంలో కనపడకూడదట. "నీది పిరికి స్వభావం సెకార్. అన్నిటికీ 'ఒకవేళ' అంటావు. నిన్ను చూసి ఎవరిస్తారు?" అన్నాడు. అత్తగారు అరిటాకులో చుట్టిన లెంపెర్ అన్నంముద్ద విప్పుతూ, "దానికెందుకురా అవన్నీ, పొయ్యి సంగతి చూసుకుంటుంది" అన్నారు. చూసుకుంటూనే ఉన్నాను. ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరింట్లో గ్యాసైపోయిందో తెల్లారకముందే నా ఫోనుకి తెలుస్తుంది. 'ఒకవేళ' అనుకునే పిరికిదాన్ని కనకే ప్రతి వీధిలో ఇంకో పొయ్యి సిద్ధంగా ఉంచుతాను. ఇంతవరకూ ఏ ఆఫీసూ పస్తుండలేదు. ఇందుకు నాకు జీతం లేదు, స్వభావం మాత్రం ఉంది.

వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. విచాక్ చేతులూపుతూ మాటల్లోనే జావా అంతా అన్నం పంచేస్తున్నాడు. తెగువకేం లోటు లేదు. హెర్లీనా గారి చూపు గ్లాసు మీద వాలి, లేచి, మళ్లీ వాలింది. వెళ్లి ఆ ఒక్క మాట అనేస్తే సరిపోయేది. గుమ్మంలోనే నిలబడ్డాను.

"వండేమనిషి పొద్దున్నే రాలేనంటే ఏం చేస్తారు?" ఆవిడ అడిగారు.

"మా సిస్టమ్ చూసుకుంటుందమ్మా." తడుముకోలేదు.

"ఎలా?"

ఇప్పుడు తడుముకున్నాడు. వంటింటి వైపు తిరిగి, "సెకార్, టీ చల్లారినట్టుంది, వేడిది పట్రా" అన్నాడు.

పట్టుకెళ్లాను. టీ కాదు, వంటింట్లో నేను కూర్చునే స్టూలు. ఇద్దరి మధ్యా వేసుకుని కూర్చున్నాను.

"తాగండమ్మా, చల్లారినా బాగానే ఉంటుంది" అన్నాను. "ఆ సిస్టమ్ నేనే. అడగండి."