రాహుకాలంలో తిరిగిన చక్రం

సత్యవేడు చుట్టుపక్కల ఊళ్లలో అప్పటికి నూర్పిడి మిషను ఒకే ఒకటి. అది దేవరాజులుది. ఉన్న జత ఎద్దులూ అమ్మి మరీ కొన్నాడు. అది వడ్లలో సగం మింగేస్తుందని ఊరంతా ఒకటే ప్రచారం. చివరికి వరదమ్మ ఒక్కతే దయతలచి తన కళ్లం అప్పగించింది. ఇక్కడ పేరొస్తే ఏడూళ్ల కుప్పలూ అతనివే. చెడిందా, మళ్లీ ఎద్దుల కోసం సంతల వెంట తిరగాల్సిందే.

ఆ శుక్రవారం బెల్టు బిగించి, ఆయిలింజనుకు పసుపు కుంకుమ పెట్టేసరికి పదిన్నరయింది. తూర్పున సముద్రం వైపు నల్లగా మబ్బు లేచింది.

"ఆగప్పా! రాహుకాలం వచ్చేసినాది. పన్నెండు దాకా ఆ హ్యాండిలు మీద సెయ్యి పడకూడదు" అంది వరదమ్మ.

"అత్తా, వాన గడియారం సూసుకోని వస్తాదా?"

"రానీ. తడిస్తే నా వడ్లే గదా!"

దేవరాజులుకు ఒళ్లు మండింది. కానీ ఏం చేస్తాడు? ఇంతలో గాలి లేచింది. పిచ్చుకలు వాలకుండా కుప్ప మీద పరిచిన పాత చేపలవల ఎగిరిపోయేలా ఉంది. దాని తాడు లాగి, కళ్లంలో బరువున్నది ఇంజనొక్కటే కాబట్టి, దాని పెద్దచక్రానికే నాలుగు చుట్లు చుట్టాడు. హ్యాండిలు కాదు కదా అని వరదమ్మ ఊరుకుంది.

అప్పుడు దిగాయి అడవి బాతులు! రెండు వందలకు ఒక్కటి తగ్గినా పేరు మార్చుకుంటానని దేవరాజులు ఇప్పటికీ ఒట్టేస్తాడు. కుప్ప కనబడకుండా కమ్మేసి, వల కన్నాల్లోంచి వెన్నులు లాగి తినడం మొదలుపెట్టాయి.

"అయ్యో, వానకు ముందే ఇవి తినేసేటట్టుండాయే!" అని దేవరాజులు తువ్వాలు తిప్పుతూ, గావుకేకలు పెడుతూ పరుగెత్తాడు.

బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. వాటి కాళ్లు వలలో చిక్కుకున్నాయి. వల లేచింది, తాడు బిగిసింది, చక్రం గిర్రున తిరిగింది. హ్యాండిలు తేలిగ్గా తిరగాలని ముందే ఎత్తిపెట్టిన లివరు, అది పడితేనే ఇంజను అందుకునేది, ఏదో బాతు రెక్క తగిలి టప్పున పడింది. ఇంకేముంది, గొట్టంలోంచి నల్లపొగ చిమ్మి, డబ్ డబ్ డబ్! తాడు ఊడింది. బాతులు వలతో సహా నాయుడుపేట దిక్కుగా వెళ్లిపోయాయి.

ఇంకా రాహుకాలం దాటలేదు. వరదమ్మ ఆపమంటే అంతే సంగతులు.

ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుని ఇంజనును చూసింది. "మనిసి సెయ్యి పడలేదు గదా! పచ్చులకు రాహుకాలమేందప్పా? సూస్తా నిలబడినావేంది, వెయ్యి కుప్ప!"

దేవరాజులుకు ఎగిరి గంతేయాలనిపించింది. కట్ట వెనక కట్ట వేశాడు. గడ్డి అటు, వడ్లు ఇటు. ఆఖరి గంప లోపలికి చేరిందో లేదో, వాన దంచికొట్టింది. గింజ తడవలేదు.

మూడో రోజు ఎండ కాసింది. తెల్లారేసరికి దేవరాజులు వాకిట్లో ఏడుగురు రైతులు! నా మిషను గెలిచిందని అతనికి కాళ్లు నేల మీద ఆగలేదు. అందరికంటే ముందు వచ్చిన మునిరామయ్య కళ్లానికే మిషను తోలాడు. మిగతా ఆరుగురూ వెంట వచ్చారు. దండం పెట్టి హ్యాండిలు పట్టుకోబోతే, మునిరామయ్య గబుక్కున అతని మణికట్టు పట్టేసుకున్నాడు.

"ఇదేం అన్యాయమప్పా? వరదమ్మకు బాతులు తిప్పినాయి. మాకు మాత్రం ఉత్త సెయ్యా?"

"అవునబ్బా, బాతుల్ని పిలువు!" అన్నారు ఆరుగురూ.

దేవరాజులు తల పైకెత్తి చూశాడు. ఆకాశం తళతళలాడుతోంది. ఒక్క పిట్ట లేదు.