ముప్పై ఒకటిన్నర

ముద్ద నోటిదాకా తీసుకుపోయి బయమ్మ ఆగింది. "ఈపొద్దు గూడా డీజిల్ కంపే. దీని చేతి కూడు తినలేక సస్తాండా" అంటూ కంచం పక్కకు తోసింది. తిరుపాలమ్మ అత్త కంచంలో ఇంత చారు పోసి వచ్చేసింది. సబ్బుతో రుద్దింది, పెసరపిండితో రుద్దింది, పోతే కదా ఆ వాసన! కంపు కొట్టే ఆ చేతులే ఇంటిల్లిపాదికీ ఇంత తిండి పెడుతున్నాయని ముసలామెకు తెలియక కాదు. ఒప్పుకుంటే కొడుకు చిన్నబోతాడు, అదీ సంగతి.

రాప్తాడు హైవే మీద ఆ కొడుకు ఓబిలేష్ మెకానిక్ షెడ్డంటే పేరున్న షెడ్డు. పాత పెట్రోలు కారు ఇంజను విప్పి కట్టాలంటే అతనే కట్టాలని గార్లదిన్నె నుంచి కూడా వస్తారు. "ఓబిలేషన్న కంప్రెషన్ పెట్టినాడంటే బండి గుర్రమే" అంటారు. ఆ పెట్టడం జరిగేది మాత్రం షెడ్డు వెనక, పరదా కట్టిన గదిలో. ఇంజను పైమూతను, అంటే హెడ్డును, వెల్లకిలా తిప్పి, వాల్వులూ ప్లగ్గులూ బిగించి, పెట్రోలు మండే గుంత అంచు చుట్టూ గ్రీసు పూసి, చిల్లి ఉన్న గాజుపలకను దాని మీద అదిమిపెట్టాలి. ఆ చిల్లిలోంచి ఆస్పత్రి సిరంజితో డీజిల్ పోయాలి. లోపల బుడగ మిగలకూడదు. గుంత నిండేసరికి సిరంజిలో ఎన్ని సీసీలు తగ్గితే అదే కొలత. నాలుగు గుంతలూ ఒక్కటిగా రావాలి. కొలత ఎక్కువొస్తే హెడ్డును లేత్ షాపులో అరగదీయిస్తారు. అతిగా అరిగిందా, కంప్రెషన్ పెరిగిపోయి ఇంజను టకటకా కొట్టుకుంటుంది, పిస్టను కాలిపోతుంది. పెళ్ళయిన కొత్త నుంచీ పోసేదీ, గీతలు చదివేదీ, అనుమానమొస్తే తుడిచి మళ్ళీ పోసేదీ తిరుపాలమ్మే. పరదా దాటిపోయి తను కొలిచినట్టు చెప్పేది ఓబిలేష్.

ఇప్పుడామెకు సిరంజి మీది గీతలు కనిపించడం లేదు. నలభై దాటాక దగ్గరి చూపు మసకబారడం ఊరందరికీ ఉన్నదే, అద్దాలు పెట్టుకుంటే తీరిపోయేదే. అడగనే అడిగింది. "ఆడదానివి షెడ్డులో అద్దాలు పెట్టుకొని కూచుంటే, పని చేస్తాండేది ఎవరో తెలిసిపోదా?" అన్నాడు మొగుడు. అక్కడితో సరి. కళ్ళు చికిలించుకుని అందాజు మీద చదువుతూ వచ్చింది. పోయిన నెల శ్రీరంగప్ప కారు హెడ్డు కొలత తప్పింది. ఉన్నదానికంటే ఎక్కువ చదివింది. ఆ లెక్కన అరగదీయించారు. ఘాట్ రోడ్డు ఎక్కుతుండగానే పిస్టను కాలి, తాడు కట్టించుకుని తిరిగొచ్చింది కారు. పెట్రోలు కల్తీ అని ఆయనకు సర్దిచెప్పి, ఇంటికొచ్చాక ఓబిలేష్ అన్న మాట ఒక్కటే. "నీ కండ్లు అయిపోయినాయి. సరళను కూచోబెడ్దాం. కాలేజీ యాడికీ పారిపోదు."

కూతురు సరళ ఇంటర్ రెండో ఏడు, రోజూ అనంతపురం బస్సులో పోయి వస్తుంది. ఆ మాటకు తల్లి అడ్డం పడింది. బతిమాలింది, తిండి మానేసింది, ఉల్లిగడ్డలు తరిగే వంకతో ఏడ్చింది. ఎవరికి పట్టింది? జీవితంలో తనకంటూ వచ్చింది ఈ ఒక్క పనే, అదే ఇప్పుడు కూతుర్ని మింగడానికి నోరు తెరిచింది. దీనికంటే ఏమీ రానిదానిగా పుట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఈ పొద్దు కొత్తగా ఇంకో కారు హెడ్డు వచ్చింది. "బస్సెక్కొద్దులే, మీ అమ్మ కాడ కూచో" అన్నాడు తండ్రి. సరళ కూచుంది. గాజు అదిమి, నిదానంగా పోసింది. "ముప్పై ఒకటిన్నర మా. తుడిచి మళ్ళా పోసినా, అదే వచ్చింది" అంది. నాలుగు గుంతలూ అంతే. "భలే ఉండాదిమా ఈ పని!"

పిల్ల మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు తిరుపాలమ్మకు తెలుసు. "నీ చేయి వణకదే" అని కొత్త పెళ్ళికూతుర్ని మొగుడు మెచ్చుకున్న నాడు తన మొహమూ ఇట్లాగే వెలిగింది. ఆ ఒక్క మెచ్చుకోలు పట్టుకుని ఇన్నేళ్ళు ఈ పరదా వెనక కూచుంది. ఆమెకు భయమేసింది.

"ఎంతొచ్చిందే?" పరదా అవతల నుంచి ఓబిలేష్ కేక.

సరళ నోరు తెరిచేలోపే తల్లి అందుకుంది. "ఏమొస్తాది! గుంతకొక లెక్క చెప్తాంది. గాజు కింద బుడగ గూడా చూసుకోల్యా. దీనికి రాదప్పా. ఎంత నేర్పినా రాదు."

"అమా!" అంది సరళ.

ఓబిలేష్ పరదా ఎత్తి లోపలికి తొంగిచూశాడు. అతను ఒక్కసారి సిరంజి అందుకుని పోసి చూస్తే అంతా బయటపడుతుంది. అన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి. అతను కూతుర్ని ఎగాదిగా చూశాడు. "పుస్తకాలు మోసేదానికి చేతిపని యాడొస్తాదిలే. పో, కాలేజీకన్నా పో" అని పరదా వదిలేశాడు.

తిరుపాలమ్మ డీజిల్ పోసింది. అలుక్కుపోయిన గీతల వైపు చూసి, "ముప్పై ఒకటిన్నర! నాలుగూ అంతే!" అని అరిచింది. "నేనే కొలిచినాన్నా, ముప్పై ఒకటిన్నర" అని అవతల ఓబిలేష్ ఫోనులో కారాయనకు చెబుతున్నాడు. మొగుడు తన లెక్కను ఎత్తుకుపోయినట్టే తనూ కూతురి లెక్కను ఎత్తుకుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. రేపు ఇంకో హెడ్డు వస్తుంది, రేపూ కళ్ళు కనబడవు. ఏం చేయాలో ఆమెకు తెలియదు.

సంచి భుజాన వేసుకుని సరళ గుమ్మంలో నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు. "నేను చెప్పిందీ అదే గదమా."

"అదే" అంది తిరుపాలమ్మ గొంతు తగ్గించి. "నువ్వే కరెక్టుగా చెప్పినావు. ఆడపిల్లకు రాదంటే ఎవరూ మళ్ళా కొలిచి చూడరు సరళా. పో, బస్సు పోతాది."